ఊరికే వచ్చి కూర్చోమన్నారు

మా చిన్నాయన తెర మీద ఎన్నిసార్లు చనిపోయాడో ఆయనకే గుర్తులేదు. సుమో పైనుంచి పడి, గడ్డివామిలో కాలి, గుడి మెట్ల మీద దొర్లి చనిపోయాడు. ఒక సినిమాలో ఏ కారణమూ లేకుండా సగంలో మాయమయ్యాడు. ఆ చావును ఎడిటింగులో కోసేశారని తర్వాత తెలిసింది. ఈ జ్ఞాపకంలో ఆ చావుల ప్రసక్తి కొంత వస్తుంది. నేను ముఖ్యంగా రాయదలచుకున్నది మాత్రం ఒక చీనీతోటకు, అంటే బత్తాయితోటకు, అందవలసిన నీళ్ల వంతు గురించి. ఆ వంతు పోవడంలో ఆయన ముఖం చేసిన పని గురించి, దాన్ని తిరిగి ఇప్పించడానికి ఆయన పడిన పాట్ల గురించి.

మాది కంబదూరు మండలంలో వాన మీద ఆధారపడిన పల్లె. చిన్నాయన వయసులో ఉన్నప్పుడు కల్యాణదుర్గం దారిలో సర్వీసు జీపు నడిపేవాడు. ఒక సినిమా బృందం మా వైపు గుట్టల్లో చిత్రీకరణకు వచ్చి, చుట్టుపక్కల జీపులన్నీ బాడుగకు పెట్టుకుంది. జీపులతో పాటు డ్రైవర్లూ కెమెరా ముందుకు వచ్చారు. ఫైట్ మాస్టరు వరసలో నడుస్తూ మా చిన్నాయన దగ్గర ఆగాడట. తలుపుకు అడ్డంగా నిలబడితే వెలుతురు రానంత మనిషి. ఎడమ చెంప మీద కణత నుంచి దవడ దాకా మచ్చ.

"ఎవరు నరికారు?" అని మాస్టరు అడిగాడట.

"ఎవురూ నరకలేదన్నా. చిన్నప్పుడు కోళ్లగూటి రేకు మీద పడితి."

"ఈ మాట ఇంకెక్కడా చెప్పకు."

ఆయన ఆ మాటను ఉద్యోగ నియమంలాగా పాటించాడు. హైదరాబాదు వెళ్లి కృష్ణానగర్‌లో ఒక గదిలో తనలాంటి వాళ్లతో కలిసి ఉన్నాడు. మొదట జీపులో విలన్ వెనక నిలబడే గుంపులో ఒకడు. తర్వాత విలన్‌కు కుడివైపు నిలబడేవాడు. బాగా నడిచిన కాలంలో విలన్ తమ్ముడు. అంతకు పైమెట్టు ఆయన ఎక్కలేదు, ఎక్కాలని అనుకున్నట్టు కూడా నాకు కనిపించలేదు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు నేను అడిగే ప్రశ్నలన్నింటికీ ఓపికగా జవాబు చెప్పేవాడు.

"ముందర నిలబడినోడు మాట్లాడాల. ఎనక నిలబడినోడు రెప్ప ఎయ్యకూడదు. అంతే పాపా, మా పని."

"కొడవలి నిజమైనదేనా?"

"దూరం నుంచి తీస్తే ఇనుపది. దగ్గరికొస్తే రబ్బరుది. రబ్బరు కొడవలి ఎండకు వంకర పోతాది. షాటు మధ్యలో అది వంగిపోతే నవ్వు ఆపుకోవాల, అదొక కష్టం. రక్తం తియ్యగుంటాది, ఈగలు ముసురుతాయి. చచ్చినోడు ఈగలు తోలుకోకూడదు, అది ఇంకా కష్టం."

కల్యాణదుర్గం టాకీసులో ఆయన పడిపోయే దృశ్యం వచ్చినప్పుడు మా జేజి, అంటే ఆయన కన్నతల్లి, కుర్చీలోంచి లేచి అరిచిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "లేయిరా, లేయి, నీ మోకాలు మంచిది కాదు!" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వి, "జేజీ, అది సినిమా," అన్నారట. "సినిమా అయితే మాత్రం? పడేది వాడే కదరా," అని ఆమె కూర్చుంది. ఆమె మాట తప్పు కాదు. ఆ మోకాలికే తర్వాత ఆపరేషన్ అయింది.

ఆయన గొంతు సన్నం. ఆ శరీరంలోంచి ఆ గొంతు వస్తుందని ఎవరూ ఊహించరు. అందువల్ల సంభాషణలు ఉన్న ప్రతి పాత్రకూ వేరొక మనిషి గొంతు అరువిచ్చాడు. ఆ మనిషి మా జిల్లాను చూడనే లేదట. అతను పలికిన సీమ యాసలో కొన్ని మాటలు మా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేవి కావు.

"మన పక్క ఇట్ల నరుక్కునేటోళ్లు ఎవరుండారు చిన్నాయనా?" అని ఒకసారి అడిగాను.

"యాడుండారు? శెనక్కాయ పీకేదానికే మనుషులు దొరకరు."

డిగ్రీలో ఉండగా అనంతపురంలో ఒక చర్చాపోటీలో, సినిమాలు ఈ ప్రాంతాన్ని తప్పుగా చూపాయన్న వాదనకు అనుకూలంగా మాట్లాడాను. ఇంటికి వచ్చి ఆ ప్రసంగం ఆయనకు వినిపించాను. అంతా విన్నాడు. "బాగుండాది పాపా. ఆ సినిమాలే లేకపోతే నీ ఫీజు యాడనుంచి వచ్చింటాది?" అన్నాడు.

సినిమా కథలు మారాయి. కొడవళ్ల స్థానంలో కోట్లు వేసుకున్న విలన్లు వచ్చారు, వాళ్ల వెనక జిమ్ములో తయారైన కుర్రవాళ్లు నిలబడ్డారు. చిన్నాయనకు హాస్యనటుల చేతిలో తన్నులు తినే వేషాలు వచ్చాయి, తర్వాత ఒక సీరియల్లో వాచ్‌మన్ వేషం, తర్వాత ఏదీ రాలేదు. ఆయన పెళ్లి చేసుకోలేదు. మోకాలి ఆపరేషన్ కోసం ఊరికి వచ్చి, ఆ తర్వాత మా ఇంట్లోనే ముందు గదిలో స్థిరపడ్డాడు. ఫోను ఎప్పుడూ చేతికి అందేచోట పెట్టుకునేవాడు. ఆ ఫోను మోగకపోవడమే ఆయన భయం. ఆ సంగతి ఆయన చెప్పలేదు. స్నానానికి పోతూ దాన్ని మా అమ్మ చేతికి ఇచ్చి, "మోగితే కేకెయ్యి వదినా," అనడం చూసి నేను గ్రహించాను.

కొన్నాళ్లు టౌనులో అంగళ్లు తెరిచేందుకు పిలిచారు. ఒక బట్టలంగడి శెట్టి ఫొటో తీయిస్తూ, "అన్నా, కొంచెం కోపంగా చూడన్నా. నవ్వితే ఎవురూ గుర్తుపట్టరు," అన్నాడు. చిన్నాయన కోపంగా చూశాడు. ఆ ఫొటో అంగడి ముందర ఎండకు వెలిసిపోయేదాకా ఉంది.

అంగళ్ల పిలుపులు తగ్గుతున్న కాలంలో పంచాయితీల పిలుపులు మొదలయ్యాయి. గట్టు తగాదా, దారి తగాదా, అన్నదమ్ముల పంపకం ఏదైనా సరే, పెద్దమనుషులు కూర్చున్నచోట ఆయనకొక కుర్చీ వేసేవారు. "నువ్వేం మాట్లాడొద్దన్నా, ఊరికే వచ్చి కూసో. నువ్వుంటే గలాటా రాదు," అనేవారు. నిజంగానే గలాటా వచ్చేది కాదు. ఆయన ఇస్త్రీ చేసిన తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకొని, నల్ల కళ్లద్దాలు పెట్టుకొని వెళ్లి కూర్చునేవాడు. టీ తాగి వచ్చేవాడు. తాను ఊరికి శాంతి తెస్తున్నానని ఆయన నమ్మకం.

నాకు ఆ నమ్మకం మీద అనుమానం ఉండేది. ఒక సాయంత్రం అడిగాను.

"వాళ్లు నిన్ను పిలుస్తాండారా, నీ ముఖాన్నా?"

"రెండూ ఒగటే కదా."

"ఎదుటి మనిషి నీ ముఖం చూసి సరే అంటే, అది ఒప్పుకోవడం అవుతాదా?"

"నేను ఒక్క మాట కూడా అనను కదమే!"

"అందుకే అడుగుతాండా."

"లాయరమ్మతో మాట్లాడితే తలనొప్పి," అని ఆయన లేచిపోయాడు.

ఇక చీనీతోట సంగతి. మా ఊరి పడమటి పొలాల్లో ఒక పొత్తుబోరు ఉంది. పక్కపక్క పొలాల తండ్రులిద్దరు కలిసి వేయించినది. ఒక రోజు ఒకరికి, మరుసటి రోజు ఇంకొకరికి నీళ్లు. తండ్రులు పోయినా వంతు మాత్రం మారలేదు. ఒకవైపు వారసుడు ట్రాక్టర్లు బాడుగకు తిప్పే ఆసామి. రెండోవైపు వారసుడికి ఆ చీనీతోట తప్ప వేరే ఆధారం లేదు. ఆ ఏడు బోరులో నీళ్లు తగ్గాయి. ట్రాక్టర్ల ఆసామి కొత్తగా టమాటా పెట్టాడు. బోరు తన గట్టు లోపలే ఉంది కాబట్టి ఎండాకాలం పోయేదాకా నీళ్లన్నీ తనకే రావాలని పంచాయితీ పెట్టించాడు. మా ప్రాంతంలో చీనీచెట్టు ఎండాకాలంలో నీళ్లు తప్పితే కోలుకోదు. ఉన్నవాళ్లు ట్యాంకర్లతో తోలి బతికించుకుంటారు. ఈ కుటుంబానికి ఆ శక్తి లేదు. అంటే ఆ పంచాయితీలో తేలవలసింది నీళ్ల సంగతి మాత్రమే కాదు, వాళ్ల తోట ఉంటుందా పోతుందా అన్నది.

చిన్నాయనను మోకాలి ఆపరేషన్‌కు అనంతపురం తీసుకుపోయింది ట్రాక్టర్ల ఆసామి బండిలోనే. ఆయన వచ్చి, "ఊరికే కూసోన్నా," అన్నప్పుడు చిన్నాయనకు కాదనాలని తోచలేదు.

పంచాయితీ మంచినీళ్ల ప్లాంటు వరండాలో జరిగింది. నేను క్యాన్ నింపుకోవడానికి స్కూటీ మీద వెళ్లి ఉన్నాను, అందువల్ల అంతా చూశాను. చీనీతోట ఆయన తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకొని వచ్చాడు. ముందుగా పెద్దమనుషులకు, తర్వాత చిన్నాయనకు దండం పెట్టాడు. పెద్దమనిషి బోరు గట్టు గురించి అడిగాడు. ఆయన జవాబు మొదలుపెట్టాడు: "మా నాయన, వాళ్ల నాయన కలిసి..." అంతలో గాలి లేచింది. ప్లాంటు ముందున్న ఎర్రదుమ్ము వరండాలోకి వచ్చింది. చిన్నాయన నల్ల కళ్లద్దాలు తీసి, పంచె అంచుతో మెల్లగా తుడుచుకున్నాడు.

ఆయన సినిమాలు చూసినవాళ్లకు ఆ చేష్ట అర్థం తెలుసు. విలన్ తమ్ముడు అద్దాలు తీసి తుడిచాడంటే తర్వాతి దృశ్యంలో ఎవరో ఒకరు ఉండరు. చీనీతోట ఆయన మాట అక్కడే ఆగిపోయింది. తువ్వాలును ముడేశాడు, విప్పాడు.

"ఏమప్పా, చెప్తాండావే?" అన్నాడు పెద్దమనిషి.

"ఏముందన్నా చెప్పేది. మీరంతా పెద్దోళ్లు. ఎట్లంటే అట్ల."

"మనస్ఫూర్తిగానే కదా?"

"మనస్ఫూర్తిగానే."

అందరికీ టీ వచ్చింది. చిన్నాయన చీనీతోట ఆయనను చూసి నవ్వాడు. ఆ నవ్వు అవతలి మనిషికి ఇంకా ఎక్కువ నష్టం చేసిందని నా అభిప్రాయం.

ఎండలు ముదిరాక ఒక పొద్దున రేషను స్టోరు దగ్గర బియ్యం వరసలో చీనీతోట ఆమె నా పక్కన నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఏం పాపా, మీ చిన్నాయనకు మేమేమన్నా తప్పు చేసినామా?"

"ఎందుకక్కా?"

"మా ఇంటాయన ఎదురు మాట్లాడలేదు కదా. ఉన్న సంగతి చెప్పబోయినాడు, అంతే. దానికి అద్దాలు తీసినాడంటనే. ఎందుకు తీసినాడు? ఆకు ముడుచుకుంటాండాది, పిందె రాలిపోతాండాది. మీ చిన్నాయనకు చెప్పు తల్లీ, నీళ్లు అడగం. ఇంగ మా మీద కోపం పెట్టుకోవద్దని చెప్పు."

ఇంటికి వచ్చి ఆ మాటలు ఆయనకు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు.

"దుమ్ము పడితే తుడుచుకుంటి కదమే!"

"ఆయనకు అట్ల కనిపించలేదు."

"నేనా? నేను ఆయప్పను ఏం చేస్తా? మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటాండా!"

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తినకుండానే లేచాడు. కర్ర పట్టుకొని పడమటి పొలాల దాకా వెళ్లి, దూరం నుంచి చెట్లను చూసి వచ్చాడు. "ఇంగ రెండు వారాలు గూడా ఆగవు," అన్నాడు. తప్పు తన వల్ల జరిగిందని ఆయనకు సందేహం లేకపోయింది. తెలియంది దాన్ని సరిదిద్దే మార్గం ఒక్కటే.

మా వైపు ఒక మర్యాద ఉంది. ఒకరి ఇంటికి తప్పు ఒప్పుకోవడానికి వెళ్లేవాడు ఒంటరిగా పోకూడదు. ఊరు గౌరవించే ఇద్దరిని వెంట తీసుకుపోవాలి. ఒంటరిగా పోతే ఆ మాటకు సాక్ష్యం ఉండదు, రేపు కాదనవచ్చు అని అర్థం. చిన్నాయన ఆ మర్యాదను అక్షరాలా పాటించాడు. మా నాయనను, రిటైరైన బడి అయ్యవారిని వెంటబెట్టుకున్నాడు. గౌరవంగా ఉండాలని ముగ్గురూ తెల్లబట్టలు కట్టుకున్నారు. మోకాలు సహకరించదు కాబట్టి బొలెరో తెప్పించారు. బండి తోట దగ్గరి ఇంటి ముందు దుమ్ము లేపుకొని ఆగింది. మూడు తలుపులు తెరుచుకున్నాయి. తెల్లబట్టల మనుషులు ముగ్గురు దిగారు, మధ్యలో మచ్చ ఉన్న మనిషి. ఆ దృశ్యం ఎన్ని సినిమాల్లో ఉందో ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

తలుపు లోపలి గడియ పడిన చప్పుడు బండి దాకా వినిపించిందట.

"ఏమప్పా, నేనే. మాట్లాడేదానికి వచ్చినా," అన్నాడు చిన్నాయన.

లోపలి నుంచి చీనీతోట ఆయన గొంతు వచ్చింది. "ఇచ్చేసినాం కదన్నా! ఇంగేం మాట్లాడేది?"

"దాని గురించే వచ్చినా."

"పైపులు గూడా కావాలంటే పీక్కోండన్నా! ఇంట్లో ఆడోళ్లుండారు."

అయ్యవారు ముందుకు పోయి సర్దిచెప్పబోతే కుక్క మీదికి ఉరికింది. ముగ్గురూ తిరిగి బండెక్కారు. దారిలో మా నాయన నవ్వు ఆపుకోలేక, "రా రా, సినిమా అయిపోయింది," అన్నాడట. చిన్నాయన మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆయనకూ నాకూ జరిగిన వాదన నాకు స్పష్టంగా గుర్తుంది. ఆయన ముందు గదిలో మంచం మీద కాలు చాపుకొని, ఎదురుగా గోడను చూస్తూ మాట్లాడాడు.

"ఒక దారి ఉండాది పాపా. ట్రాక్టరాయన ఇంటికి పోతా. గడపలో నిలబడతా. ఏమీ మాట్లాడను, అద్దాలు తీస్తా. రేపు పొద్దునకు నీళ్లొస్తాయి."

"వస్తాయి. అది గూడా భయంతోనే వస్తాది."

"ఈసారి న్యాయం కోసం కదా."

"పోయినసారి గూడా శాంతి కోసమే అంటివి. ఆయనకు భయం పోయిన పొద్దు నీళ్లు మళ్లా ఆగుతాయి. అప్పుడు ఇంకొక భయం కావాల."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"అదే వరండాలో, అదే మనుషుల ముందర చెప్పు. ఆ పొద్దు నిన్నెందుకు కూర్చోబెట్టినారో చెప్పు. భయంతో ఒప్పుకున్న ఒప్పుకోలు చెల్లదని చెప్పు."

ఆయన గోడ మీది నుంచి చూపు తిప్పాడు. నన్ను అడిగాడు: "నువ్వు చెప్పేది సరే. నీ న్యాయం తేలేదాకా ఆ చెట్లు ఆగుతాయా?"

చర్చాపోటీల్లో సమయం ముగిసిందని గంట కొడతారు, అప్పటికి మన వైపు మాట పూర్తయితే చాలు. ఇక్కడ గంట కొట్టేది ఎండ. చిన్నాయన తన దారిలో పోయి ఉంటే చెట్లు ఒక పొద్దు ముందుగానే తడిసేవి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అంతేకాక, నేను చెప్పిన దారిలో ఆయన పోగొట్టుకునేది ఏమిటో కూడా ఇద్దరికీ తెలుసు. తన ముఖం వెనక ఏమీ లేదని ఊరి ముందు ఒప్పుకున్న మనిషిని ఇక ఎవరూ కూర్చోమని పిలవరు.

మరునాడు పొద్దున నీళ్ల క్యాన్ల కోసం జనం చేరే వేళకు నన్ను వెంటబెట్టుకొని ఆయన ప్లాంటు దగ్గరికి వెళ్లాడు. కుర్చీ వేయబోతే వద్దన్నాడు. అద్దాలు పెట్టుకోలేదు. పెద్దమనుషులు వరండాలో కూర్చొని ఉన్నారు, ట్రాక్టర్ల ఆసామీ అక్కడే ఉన్నాడు. క్యాన్ల వరసలో చీనీతోట దంపతులిద్దరూ ఉన్నారు. చిన్నాయనను చూసి వెనక్కి పోబోయిన భర్తను భార్య చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఒక మాట," అన్నాడు చిన్నాయన. ఆ సన్నని గొంతు వినడానికి జనం దగ్గరికి జరగవలసి వచ్చింది. "ఆ పొద్దు బోరు పంచాయితీకి నన్ను పిలిచింది నా మొగం కోసం. ఆ బోరు సంగతి నాకేం తెల్దు. ఎవురి పక్కా నేను లేను. ఈయప్ప నన్ను చూసి బయపడి ఒప్పుకున్నాడు. అద్దాలు తీసింది దుమ్ముకు. ఆ ఒప్పుకోలు చెల్లదు. పెద్దోళ్లు మళ్లా కూసొని, నేను లేకుండా తేల్చండి."

ట్రాక్టర్ల ఆసామి చప్పట్లు కొట్టాడు.

"ఏం యాక్టింగన్నా! హైదరాబాదులో ఇట్ల చేసింటే హీరో అయిపోయింటివి!"

జనం నవ్వారు. చిన్నాయన నిలబడినచోటే నిలబడ్డాడు. ఆయన ఊరికే కూర్చున్న పొద్దు ఆ ముఖాన్ని నిజమని నమ్మినవాళ్లు, నిలబడి నిజం చెప్పిన పొద్దు ఆ మాటను నటన అన్నారు. ఆ క్షణంలో నా సలహా పూర్తిగా విఫలమైందనే అనుకున్నాను.

అప్పుడు చీనీతోట ఆమె ముందుకు వచ్చింది.

"దుమ్ముకా?" అంది.

"దుమ్ముకేమ్మా."

"నిజంగా? తుడుచుకునేదానికా?"

"కండ్లు కనపడకపోతే తుడుచుకోవద్దా?"

ఆమె భర్త వైపు తిరిగింది. "విన్నావా? దుమ్మంట! దీనికేనా నువ్వు ముద్ద మింగకుండా కూసునింది? దీనికేనా నేను తలుపేసి అడ్డంగా మంచం పెట్టింది?" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి నిలబడలేక బోర్లించిన క్యాన్ మీద కూర్చుంది. ఇందాక జనం నవ్విన నవ్వు వేరు, ఈ నవ్వు వేరు. భర్త మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత ఆయనా నవ్వాడు. చిన్నాయనకు ఏం చేయాలో తెలియక, "ఆయప్పను తిట్టొద్దమ్మా," అన్నాడు.

పెద్దమనుషులు వెంటనే ఏమీ తేల్చలేదు. చూద్దాం లే అని లేచిపోయారు. మరుసటి పొద్దు పాత లెక్కన చీనీతోట వంతు. పగటి కరెంటు రాగానే ఆమె ఎవరినీ అడగకుండా బోరు దగ్గరికి పోయి, తమవైపు వాల్వు తిప్పేసి, స్టార్టరు పెట్టె పక్కన కూర్చుంది.

చిన్నాయన ఫోను మోగినప్పుడు నేను ముందు గదిలోనే ఉన్నాను. చెవి దగ్గర పెట్టుకోవడం ఆయనకు అలవాటు లేదు, స్పీకరు పెడతాడు. ట్రాక్టర్ల ఆసామి గొంతు గదంతా వినిపించింది.

"అన్నా, ఈమె వాల్వు తిప్పేసి కూసునింది. మాట వినేట్ల లేదు. నువ్వొక్కసారి వచ్చి అట్ల నిలబడు చాలు."

చిన్నాయన ఫోను వైపు చూశాడు.

"రాను."

"ఏమన్నా, ఇంత చిన్న పనికి..."

"చిన్న పనే. రాను."

"ఆస్పత్రికి నా బండిలోనే కదన్నా నువ్వు పోయింది."

"పోయినా. దానికి నీకు దండం పెడతా. దీనికి రాను."

అవతల కొంచెంసేపు మోటారు చప్పుడు, దాని మీదుగా చీనీతోట ఆమె గొంతు వినిపించాయి. "పిలువు పిలువు, మీ సినిమాయన్న వస్తే అద్దాలు తుడుచుకునేదానికి నా కొంగిస్తా!" తర్వాత ఫోను కట్టయింది. చిన్నాయన దాన్ని మంచం మీద బోర్లా పెట్టాడు.

ఆ మధ్యాహ్నం బోరు దగ్గర ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. ట్రాక్టర్ల ఆసామి గట్టు గురించి చెప్పాడు. తండ్రులిద్దరూ కలిసి బోరు వేయించిన సంగతి ఆమె చెప్పింది, ఆ తవ్వకం చూసిన ముసలివాళ్లను ఇళ్లలోంచి పిలుచుకొని వచ్చింది. సాయంత్రానికి అయ్యవారూ పెద్దమనుషులూ వచ్చి, నీళ్లు తక్కువైనా వంతు వంతే అని చెప్పి పోయారు. ట్రాక్టర్ల ఆసామి మాతో మాట్లాడటం మానేశాడు. ఆయన టమాటా కూడా సగం ఎండింది. ఆ నష్టాన్ని నేను అన్యాయం అనలేను, న్యాయమని సంతోషించనూ లేను. తోటలో గుట్టవైపు వరస చెట్లు అప్పటికే పోయాయి. వాటిని కొట్టి కట్టెలుగా పేర్చారు. మిగిలినవి నిలిచాయి.

దుమ్ము కథ కల్యాణదుర్గం దాకా పాకింది. పంచాయితీలకు చిన్నాయనను ఎవరూ పిలవలేదు. అంగడి తెరిచేందుకు కూడా పిలవలేదు. టీ అంగడి దగ్గర ఆయన్ను చూసి కుర్రవాళ్లు తమ అద్దాలు తీసి తుడుచుకునేవారు. "మెల్లగా తుడవండ్రా, గీతలు పడతాయి," అని ఆయన దాటిపోయేవాడు. ఆయనకు బాధ కలిగిందా అని నేను అడగలేదు. కొన్నాళ్లు తెల్లపంచెలు ఇస్త్రీకి పోలేదు.

వానలు రావలసిన నెలలో ఒకనాడు కంబదూరు నుంచి స్కూటీ మీద వస్తూ ఆయనను తోట దగ్గర చూశాను. సాయంత్రం నడకకు అటు పోయినట్టున్నాడు. డ్రిప్పు పైపు అతుకు ఊడి నీళ్లు చిమ్ముతున్నాయి. చీనీతోట ఆమె ఒక్కతే దాన్ని బిగించడానికి తంటాలు పడుతోంది. చిన్నాయన దారి మీద, అలవాటుగా, రెప్ప వేయకుండా నిలబడి చూస్తున్నాడు.

"ఏమప్పా, ఊరికే నిలబడితే ఎట్ల? వచ్చి ఆ కొస పట్టుకో," అని ఆమె కేకేసింది.

ఆయన కర్ర గట్టున పెట్టి దిగాడు. మోకాలు వంగదు కాబట్టి బురదలో అడ్డంగా కూర్చొని పైపు కొస పట్టుకున్నాడు.

"అట్ల కాదప్పా, తిప్పి పట్టుకో. ఏం మనిషివి, ఇన్నేండ్లు కొడవండ్లు పట్టుకున్నావంట, పైపు పట్టుకోను రాదే నీకు!"

"అవి రబ్బరువి తల్లీ," అన్నాడు చిన్నాయన, పైపును తిప్పి పట్టుకుంటూ.

ఆమె అతుకు బిగించేదాకా ఆయన అలాగే కూర్చున్నాడు. నేను స్కూటీ ఆపకుండా వచ్చేశాను.